రోజుకో తట్ట పేడ

మా వీధి చివర కొత్తగా లేచిన అపార్టుమెంటు నుంచి పోయిన నెల నలుగురు అమ్మాయిలు మా ఇంటికొచ్చారు. వంటింట్లో చెత్త తగ్గించడం, గ్యాసు పొదుపు, కూరగాయల తొక్కలతో ఎరువు చేయడం, వీటి గురించి ఆదివారాలు కూడి మాట్లాడుకుంటున్నారట. ఇదే పని ఒకప్పుడు ఉద్యోగంగా చేసిన ముసలావిడ బ్రాడీపేటలోనే ఉందని ఎవరో చెప్పారట. వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. మంచి మాటలు నా దగ్గర తక్కువమ్మా అని కాఫీ ఇచ్చి పంపేశాను. పంపానే గాని మనసు ఊరుకోలేదు. ఉద్యోగంలో నేను బాగా చేసిన పనులు లేకపోలేదు, వాటిని ఎవరికీ చెప్పాలనిపించదు. చెప్పాల్సింది ఒకటుంది. అది నేను చెడగొట్టిన పని. ఆ పిల్లల కోసం రాస్తున్నాను, చదివి ఏం చేసుకుంటారో వాళ్ళ ఇష్టం.

అది ఎనభైల నాటి మాట. ఇంకా మండలాలు రాలేదు, సమితి ఆఫీసులనేవాళ్ళం. నా ఉద్యోగం గ్రామ సేవిక. సత్తెనపల్లిలో బస్సెక్కి, మధ్యలో దిగి, మిగతాది నడిస్తే నా ఊళ్ళు వచ్చేవి. బాలింతలకి బలమైన తిండి గురించి చెప్పడం, మరుగుదొడ్డి కట్టించుకోమని మగవాళ్ళని బతిమాలడం, పొగలేని పొయ్యిలు, గోబర్ గ్యాసు, అన్నీ నా నెత్తినే. అంతా నల్లరేగడి. పత్తి, మిరప, మళ్ళీ పత్తి. కనుచూపు మేర చెట్టన్నది కనపడదు. పొయ్యిలోకి ఏదైనా కావాలంటే పత్తి కట్టె, మిరప కట్టె. కూలివాళ్ళ ఇళ్ళకి అవి చేరేదే తక్కువ, చేరినవి తొలకరి దాకా ఆగవు. ఆ తర్వాత పిడకలే దిక్కు. ఈ సంగతి అప్పట్లో నాకు తెలియదని అబద్ధం చెప్పను. తెలుసు. తెలిసిన సంగతి అవసరమైన వేళకి గుర్తుకు రాకపోవడం నాబోటి చదువుకున్నవాళ్ళ జబ్బు.

ఆ ఊళ్ళల్లో ఒకదాంట్లో ఏడు గొడ్లున్న రైతు ఒకాయన ఉండేవాడు. ఆయన భార్యకి పొగ పడేది కాదు. పొద్దున పొయ్యి రాజేసిన దగ్గర్నుంచి దగ్గు. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. మాట్లాడుతూ మాట్లాడుతూ గోడ పట్టుకుని కూర్చుండిపోయేది. ఆమెని చూసే నాకు ఆ ఇంట్లో గోబర్ గ్యాసు పెట్టించాలని పట్టుదల పుట్టింది. ఇది మాత్రం మంచి ఉద్దేశమే. ఈ కథలో నాకున్న ఒకే ఒక్క మంచి ఉద్దేశం కాబట్టి ముందుగా రాసుకుంటున్నాను.

గొడ్లెన్ని, రోజుకి పేడ ఎంత పడుతుంది అని ఫారంలో రెండు గళ్ళు. రైతు తిన్నగానే చెప్పాడు. "ఏడు గొడ్లున్నాయండి. కాకపోతే మా చావిడి ఊడ్చే మనిషి రోజుకో తట్ట పేడ పట్టుకుపోద్ది. మా నాయన నాటి నుంచీ అంతే. అది తీసేసి రాసుకోండి."

గొడ్ల చావిడి ఊడ్చే మనిషికి కూలి కాక రోజుకో తట్ట పేడ ఆ ఊళ్ళో ఆనవాయితీ. ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ కాదనరు. ఆ మనిషి ఊరి చివర క్రైస్తవుల పేటలో ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు, ముసలి అత్తతో ఉండేది. అంతకు ముందు ఆ చావిడి ఊడ్చింది ఆ అత్తే. కోడలు కాపురానికి వచ్చాక చావిడీ, తట్టా రెండూ ఆమె చేతికి వచ్చాయి. తట్ట నెత్తిన పెట్టుకుపోయి పేటలో ప్రార్థన మందిరం దక్షిణపు గోడకి పిడకలు కొట్టేది. ఆ గోడకి ఎండ బాగా తగులుతుంది. ఆదివారం ఆరాధనకి ముందు గోడ ఖాళీ చేయాలని పాస్టరు గారి షరతు, అందుకని శనివారం సాయంత్రం పేటలో ఆడవాళ్ళందరూ పిడకలు ఊడదీసుకునేవాళ్ళు.

ఆ తట్ట తీసేస్తే మిగిలే పేడకి చిన్న డ్రమ్ము చాలు. డ్రమ్మంటే పేడ గుంట మీద బోర్లించే ఇనప మూత, గ్యాసు నిలిచేది అందులోనే. కాని సమితి ఆఫీసు ఆవరణలో ఆ ఏడు మిగిలింది ఒకే ఒక్క డ్రమ్ము, అదీ పెద్దది. మార్చి నెల సగం దాటింది. మార్చి ముగిసేలోగా ఆ డ్రమ్ము ఎవరింటికో చేరకపోతే మీ అందరి సంగతీ చూస్తానని బీడీవో గారు అప్పటికే రెండు మీటింగుల్లో అన్నాడు. నేను గళ్ళలో ఏడు గొడ్లూ రాశాను, ఏడు గొడ్ల పేడా రాశాను. రైతుకి గట్టిగా చెప్పాను, సగం నిండిన గుంటలో గ్యాసు రాదు, ఒక్క తట్ట కూడా బయటికి పోనివ్వొద్దని.

"మరి ఆ మనిషికి ఎట్టా అండీ?" అని రైతు భార్యే అడిగింది, దగ్గు ఆపుకుంటూ.

ఆ మనిషికి నేను పొగలేని పొయ్యి కట్టిస్తానని మాటిచ్చాను. అందులో కట్టె సగమే ఖర్చవుతుందని లెక్క కూడా చెప్పాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నాది కాని తట్టని నేను అలా దానం చేసేశాను. ఆ మనిషిని పిలిచి అడగాలన్న ఆలోచన మా ముగ్గురిలో ఎవరికీ రాలేదు.

గుంట కట్టింది మా సమితి మేస్త్రీ. సాయిబు. సన్నగా, పొడుగ్గా, నోట్లో ఎప్పుడూ వక్కపొడితో ఉండేవాడు. మా జిల్లాలో ఇటుక పేర్చడం తెలిసినవాళ్ళు చాలామంది ఉంటారు, ఇంటి సంగతి తెలిసి ఇటుక పేర్చేవాడు ఆయనొక్కడే. పని ముగించి చేతులు కడుక్కుంటూ, గుంట పెద్దదయిందమ్మగారూ అన్నాడు. నేను వినపడనట్టు ఊరుకున్నాను.

గ్యాసు బాగానే వచ్చింది. మొదటిరోజు నీలంగా మంట చూసి రైతు భార్య నా రెండు చేతులూ పట్టుకుంది. రెండు నెలలకి దగ్గు తగ్గింది. కళ్ళల్లో ఎరుపు పోయింది. నాకు ఆ ఇంటికి వెళ్ళడం ఇష్టంగా ఉండేది. వెళ్ళినప్పుడల్లా ఆ స్టవ్వు మీద టీ పెట్టి ఇచ్చేది.

తొలకరి పడ్డాక ఒకరోజు నేను బడి వసారాలో ఆడవాళ్ళకి ఏదో చెబుతుంటే, చావిడి ఊడ్చే మనిషి వచ్చి దూరంగా నిలబడింది. అందరూ వెళ్ళేదాకా ఆగింది. ఏమ్మా అన్నాను.

"అయ్యగారు తట్ట ఆపేశారండి. మీరు చెప్పారంట."

గుంటకి చాలదని చెప్పాను. అన్నీ చెప్పాను, గ్యాసు ఎలా పుడుతుందో కూడా. ఆమె వింది. తర్వాత తన సంగతి చెప్పింది. పత్తి కట్టె అయిపోయింది. కాలవ గట్టు మీద తుమ్మ కంపకి పోతే కాపలా వాళ్ళు తరుముతున్నారు. రెండు రోజులకోసారి పక్కింటి పొయ్యి మీద అన్నం వండి తెచ్చి, నీళ్ళు పోసి ఉంచుకుంటున్నారు. తనకి పర్వాలేదు. అత్తకి పళ్ళు లేవు, పొద్దున ఇంత వేడి జావ పడితేనే ఆ మనిషి లేచి కూర్చుంటుంది. ఇదంతా ఆమె ఫిర్యాదుగా చెప్పలేదు, ఊళ్ళో వాన ఎంత పడిందో చెప్పినట్టు చెప్పింది.

అక్కడైనా నాకు బుద్ధి రావాలి. నేను మేస్త్రీని పిలిచి, వారం లోపల ఆమెకి పొగలేని పొయ్యి కట్టమన్నాను.

ఆయన నా మొహం చూశాడు. "కడతానండి, దానికేం. కాని ఆమెకి పొయ్యి ఉంది గదమ్మగారూ. లేంది పొయ్యిలోకి."

ఆ మాటకి నాకు కోపం వచ్చింది. నిజం చెప్పినవాడి మీద వచ్చే కోపం మామూలు కోపం కంటే ఎక్కువ సేపు ఉంటుంది. కట్టమన్నాను, కట్టాడు. రెండు గిన్నెలు పట్టే మట్టి పొయ్యి, వెనక నుంచి కప్పు మీదుగా గొట్టం. ముచ్చటగా కట్టాడు. ఆమె దాన్ని ఎర్రమట్టితో అలికి, అంచు చుట్టూ సున్నంతో గీతలు వేసుకుంది.

రైతు ఇంటికి వెళ్ళి తట్ట సంగతి కదిపాను. అప్పటికి వాళ్ళ బాధ వాళ్ళకుంది. ఏడు గొడ్ల పేడా వేసినా వానాకాలం చల్లదనానికి గ్యాసు తగ్గింది, రెండో కూర ఉడికేలోపు మంట చచ్చిపోతోంది. రైతు భార్య నొచ్చుకుంటూ అంది: "నేను ఇయ్యననటం లేదండీ. తట్ట పోతే నేను మళ్ళీ పొయ్యి కాడికి పోవాలి. మీరే చెప్పండి ఏం చెయ్యమంటారో." ఆ దగ్గు నేను విన్నదాన్ని. ఏం చెప్పను? పెద్ద డ్రమ్ముని పట్టుకొచ్చి ఆ ఇద్దరి మధ్యన పెట్టింది నేను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, ఆ మనిషి విషయంలో నా వరస అలా తయారైంది.

దారి చూపించింది మళ్ళీ మేస్త్రీయే. కొత్త ఏడాది సరుకులో చిన్న డ్రమ్ములు వచ్చాయని ఆయనకి తెలుసు. గుంట లోపల ఇంకో వరస ఇటుక కట్టి వెడల్పు తగ్గిస్తే చిన్న డ్రమ్ము సరిగ్గా కూర్చుంటుందన్నాడు. వేసిన పేడకి తగ్గట్టు గుంట ఉంటే గ్యాసు కుదురుగా వస్తుంది, ఇంటి వంట హాయిగా అవుతుంది, రోజుకో తట్ట మిగులుతుంది. నాలుగు రోజుల పని. పై ఆఫీసరు అనుమతి ఒక్కటే కావాలి.

అనుమతి అడగాలంటే కారణం రాయాలి. కారణం ఏమిటంటే గ్రామ సేవిక ఫారం తప్పు రాసింది. మూడుసార్లు రాసి చింపేశాక నాలుగోసారి ఉన్నది ఉన్నట్టు రాశాను. అప్పుడే కబురు వచ్చింది, పై నుంచి పెద్దాఫీసరు మా పనులు చూడటానికి వస్తున్నాడని. ఆ ఉత్తరం ఆయన చేతికే ఇద్దామని సంచిలో పెట్టుకున్నాను. మేస్త్రీకి చెప్పాను. చావిడి ఊడ్చే మనిషికి కూడా చెప్పాను, ఆయన సంతకం పెట్టిన వారం లోపల నీ తట్ట నీకొస్తుందని. "ఆయనొచ్చిన రోజే ఆ కాయితం ఇస్తారా అమ్మగారూ?" అని అడిగింది. ఆ రోజే అన్నాను.

ఆయన వచ్చిన రోజు పొద్దున్నుంచీ ముసురు. రెండు జీపులు వచ్చాయి. ముందు రైతు ఇంటికి వెళ్ళారు. ఆ రోజు కోసం అంతకు ముందు రోజంతా గ్యాసు వాడకుండా దాచింది రైతు భార్య. మంట బ్రహ్మాండంగా వచ్చింది. అందరూ టీలు తాగారు. బీడీవో గారి మొహం వెలిగిపోతోంది. ఉత్తరం అక్కడే ఇవ్వాల్సింది. రైతు ముందు వద్దులే, పేటలో ఇద్దామనుకున్నాను.

పేటలో చావిడి ఊడ్చే మనిషి ఇల్లు చూపించాం. చిన్న ఇల్లు, ఒకటే గది. మూలన పొయ్యి. ఇటుపక్క మంచం మీద దుప్పటి కప్పుకుని అత్త. పెద్దాఫీసరు జేబులోంచి తెల్లటి చేతిరుమాలు తీసి పొయ్యి పైన గోడని రుద్దాడు. రుమాలు అందరికీ చూపించాడు. మరక లేదు. గొట్టం మొదట్లో రుద్దాడు, అక్కడా లేదు. ఇన్ని జిల్లాలు తిరిగాను, ఇంత శుభ్రమైన వంటిల్లు చూడలేదన్నాడు. ఈ ఊరి పేరు పైకి రాస్తానని, ఈ సేవికకి బహుమతికి సిఫారసు చేస్తానని బీడీవోతో అన్నాడు. తర్వాత మంచం వైపు తిరిగి, మంచిగానే, ఆప్యాయంగానే అడిగాడు, ఏం మామ్మా, పొగ ఏమన్నా వస్తోందా అని.

ముసలామె తల కొంచెం ఎత్తింది. "పొయ్యి రాజేస్తే గదా నాయనా, పొగ వచ్చేది."

ఆయనకి అర్థం కాలేదు, నా వైపు చూశాడు. బీడీవో కూడా నా వైపే చూశాడు. చావిడి ఊడ్చే మనిషి గుమ్మం దగ్గర నిలబడి ఉంది, ఆమె చూపు నా సంచి మీద ఉంది.

"ఇవాళ ఇంకా రాజెయ్యలేదంటోందండీ" అన్నాను.

నా నోటితో నేనే అన్నాను. ఎవరూ అనమనలేదు. ఆయన నవ్వి, వేళకి వండుకోవాలి మామ్మా అని బయటికి నడిచాడు. జీపు దగ్గర, వీళ్ళు పొయ్యిలోకి ఏం వాడతారని అడిగితే, పత్తి కట్టె, పిడకలు అని గడగడా చెప్పాను. ఉత్తరం సంచిలోనే ఉంది. ఇప్పుడిస్తే ఆయన రుమాలు ఆయన మొహానే కొట్టినట్టు అవుతుందనుకున్నాను. బీడీవో ద్వారా పంపిద్దాం, అదే పద్ధతి అనుకున్నాను. మనిషి వెనక్కి తగ్గేటప్పుడు పద్ధతులు ఎన్ని గుర్తొస్తాయో!

జీపులు కదిలాక ఆమె వచ్చి, ఇచ్చారా అమ్మగారూ అని అడిగింది. ఇవాళ కుదరలేదు, వచ్చే వారం అన్నాను. సరేనండి అంది. మేస్త్రీ ఆ సాయంత్రం బస్సులో నా వెనక సీట్లో కూర్చున్నాడు. సత్తెనపల్లి రాగానే నాకంటే ముందు దిగి వెళ్ళిపోయాడు.

బీడీవో ఉత్తరం చదివి సొరుగులో పెట్టాడు. బహుమతి సంగతి తేలేదాకా ఆగమ్మా అన్నాడు. ఆగాను. ఆ వానల్లో పేటలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. నేనే వెళ్ళి ఇంటింటికీ చెప్పాను, నీళ్ళు మరగకాచి తాగండి, నిల్వ అన్నం తినకండి అని. ఆమె గుమ్మం ముందు కూడా నిలబడి అదే మాట చెప్పాను. ఆమె తల ఊపింది. చెబుతున్నంతసేపూ నేను లోపలికి చూడలేదు.

మూడో రోజున ముసలామె కూడా అదే రోగంతో పోయింది. ఆ నిల్వ అన్నం వల్లే పోయిందని నేను రుజువు చేయలేను. వయసు మీదపడిన మనిషి, అప్పుడు పేటలో ఇంకా ఇద్దరు పోయారు, వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి రోజూ వెలిగేది. ఈ మాటలు నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఎన్నిసార్లు చెప్పుకున్నా అవి వకీలు మాటల్లాగే ఉన్నాయి.

బహుమతి ఆ తర్వాత వచ్చింది. దాని సంగతి ఇక్కడే చెప్పి ముగించేస్తాను, చివర్లో దానికి చోటు లేదు. గుంటూరులో సభ పెట్టి ఒక పత్రం, ఒక గోడ గడియారం ఇచ్చారు. గడియారం మా తమ్ముడికి ఇచ్చేశాను. సభ అయిన మర్నాడు బీడీవో సొరుగులోంచి ఉత్తరం తీసి పైకి పంపాడు, సంతకం అయి వచ్చింది. మేస్త్రీ అన్నట్టే నాలుగు రోజుల్లో గుంట తగ్గించి చిన్న డ్రమ్ము పెట్టాడు. గ్యాసు కుదురుగా వచ్చింది. రైతు భార్యకి దగ్గు తిరగబెట్టలేదు. రోజుకో తట్ట పేడ మళ్ళీ చావిడి ఊడ్చే మనిషికి వెళ్ళింది. ఇంత సులువైన పని అది. తప్పు రాశానని ఒప్పుకున్నందుకు నన్ను ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు.

ముసలామెని మట్టి చేసిన మూడో రోజు ఇంట్లో ఆదరణ ప్రార్థన పెట్టారు. నేను వెళ్ళాను. వెళ్ళకుండా ఉండటానికి ఏ కారణం దొరుకుతుందా అని బస్సు దిగేదాకా వెతుక్కుంటూనే వెళ్ళాను. ఆ పేటలో ఒక పద్ధతి ఉంది. చావు జరిగిన ఇంట్లో ప్రార్థన నాటి వంటకి ప్రతి ఇంటి నుంచీ గుప్పెడు బియ్యం, రెండు పిడకలు తెచ్చి ఇస్తారు. లేనివాళ్ళు ఒక పిడకైనా తెస్తారు. గుమ్మం పక్కన పిడకలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. పొద్దున్నుంచీ పొయ్యి మీద రెండు గిన్నెలూ దిగలేదు. కప్పు మీద గొట్టంలోంచి పొగ తిన్నగా పైకి పోతోంది. లోపల పదిమంది ఆడవాళ్ళు ఆ చిన్న గదిలో కూర్చుని ఉన్నారు, ఒక్కరు దగ్గడం లేదు, ఒక్కరు కళ్ళు నలుపుకోవడం లేదు. పొయ్యి భలే ఉందే, మాకూ కట్టించమ్మా సేవికమ్మా అని ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా.

ఆమె పొయ్యి ముందు కూర్చుని పిడకలు విరిచి లోపలికి తోస్తోంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. పక్కన కూర్చున్నాను. మంట వంక చూసింది.

"బానే మండుతందమ్మగారూ" అంది. "మా అత్తకి ఒక్క పూటన్నా దీని మీద జావ కాచిపోయలేకపోయా."

అందులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది. ఆమె పళ్ళెంలో అన్నం, పప్పుచారు పెట్టి నా ముందుంచింది. అన్నాళ్ళూ ఆ పేటలో నేను మంచినీళ్ళు కూడా తాగి ఎరగను, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. అది ఆమెకీ తెలుసు. అయినా పెట్టింది, తినండి చల్లారిపోద్ది అంది. తిన్నాను. అన్నం వేడిగా ఉంది.